నాగుకు పనిచేయని వేరు

విడవలూరుకు తూర్పున బకింగ్‌హాం కాలువ దాటి, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ సముద్రం వైపు నడిస్తే ఒక పట్టపుపాలెం, చేపలు పట్టేవాళ్ళ ఊరు, వస్తుంది. ఆ పాలెంలో ముత్యాలయ్యను ఎరగనివాళ్ళు లేరు. ఆయనా తెప్పలో పుట్టి తెప్పలో పెరిగినవాడే. కానీ ఆయన వల కంటే ఆయన వేరు గొప్పదని చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. పాము కరిచిందంటే చాలు, మనిషిని మంచం మీద మోసుకొచ్చి ఆయన గుమ్మం ముందు దించేవాళ్ళు. ఆయన సుగంధిపాల వేరును మిరియాలతో నూరి కొంత తాగించి, కొంత కాటు మీద పట్టు వేసేవాడు. ఎక్కువమంది లేచి కూర్చునేవాళ్ళు. లేవనివాళ్ళ గురించి ఎవరూ పెద్దగా తర్కించేవాళ్ళు కాదు. నూకలు చెల్లిపోయినాయి అనుకునేవాళ్ళు.

అంకాలమ్మ ఆయన మేనకోడలు. తల్లీ తండ్రీ ఒకే వారంలో కలరాతో పోతే, చంటిపిల్లను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. సొంత కూతురు నాగులమ్మకు పెట్టిందే ఈ పిల్లకూ పెట్టాడు. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని, ఒకే దువ్వెనతో తల దువ్వుకుని పెరిగారు. నాగులమ్మ పెద్దది, వరసకు వదిన. ఆమెకు వేరు వాసనంటే గిట్టేది కాదు. అంకాలమ్మకు మాత్రం ఆ వాసనంటే ప్రాణం. మామ వెంట సరుగుడు తోటల్లో, మొగలి పొదల కింద తిరిగి, ఆకు మధ్యలో తెల్లటి చార ఉన్న సన్నటి తీగను దూరం నుంచే గుర్తుపట్టేది.

"ఆకు తుంచితే పాలు రావాల. వేరు గీరితే వాసన రావాల. రెండూ ఉంటేనే తవ్వు మే," అని ముత్యాలయ్య నేర్పాడు.

తవ్వడం, కడగడం, నీడలో ఆరబెట్టడం, నూరడం అన్నీ అంకాలమ్మ పనులయ్యాయి. పెళ్ళయ్యాక కూడా అవి మానలేదు. పెళ్ళి పాలెంలోనే గంగులయ్యతో అయింది. అతను చేపల వేటలో దిట్ట, సరదా మనిషి. "మా యింట్లో చేపల వాసన నాది, వేరు వాసన నా పెండ్లాంది," అని నలుగురిలో నవ్వేవాడు.

పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం కార్తీక మాసంలో ముసురు పట్టింది. సముద్రం మీదికి ఎవరూ పోలేదు. వాన వెలిసిన ఒక ఉదయం గంగులయ్య పందిట్లో కుప్పగా పడివున్న పాత వలను ఆరేద్దామని లాగాడు. వలలో చుట్టచుట్టుకుని ఉన్న నాగుపాము చేతి మీద కాటేసింది. చూసినవాళ్ళున్నారు. పడగ విప్పింది, అనుమానం లేదు.

ముత్యాలయ్య పరుగున వచ్చాడు. అంకాలమ్మ వేరు నూరింది. ఇంతలో పెంచలయ్య వచ్చాడు. అతను కాలువలో సరుగుడు కట్టెల పడవ నడిపేవాడు.

"అక్కా, పడవ ఖాళీగానే ఉండాది. కాలువ దాటిస్తా. అవతల బండి దొరుకుద్ది. విడవలూరులో బస్సెక్కితే నెల్లూరు పెద్దాసుపత్రికి పోవచ్చు," అన్నాడు.

అంకాలమ్మ మామ ముఖంలోకి చూసింది. "పోదామా మామా?"

ముత్యాలయ్య చేయి ఆపలేదు. కాటు మీద పట్టు వేస్తూ, తల ఎత్తకుండానే, "నామీద నమ్మకం లేకపోతే తీసకపో మే," అన్నాడు.

చుట్టూ పాలెమంతా నిలబడి ఉంది. పెంచిన మేనమామ మందును కాదని మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళిందంటే, ఇక ఆ వేరుకు విలువేముంటుంది? అంకాలమ్మ పెంచలయ్య వైపు తిరిగి, "మా మామ ఉండంగా ఆసుపత్రెందుకురా," అంది. ఆ మాట ఆమె నోటితోనే అంది. పక్కన నాగులమ్మ ఆమె భుజం పట్టుకుని నిలబడి ఉంది.

కాసేపటికి గంగులయ్య కనురెప్పలు వాలిపోయాయి. నిద్ర కాదది, తెరుద్దామని అతను ప్రయత్నిస్తూనే ఉన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. నోటి నుంచి చొంగ కారింది. తరవాత రొమ్ము ఎగరడం తగ్గింది. మధ్యాహ్నానికి అయిపోయింది.

ఆ సాయంత్రమే అంకాలమ్మ బయట చేరింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆ సంగతి నాగులమ్మకు ఒక్కదానికే చెప్పింది. పెద్దకర్మ నాడు బంధువులంతా కూర్చుని ఉండగా ముత్యాలయ్య గొంతు సవరించుకుని ఎంతో నెమ్మదిగా అన్నాడు.

"బిడ్డని ఏమీ అనబాకండి. దాని తప్పు కాదు, ఆడదాని ఒంటి తప్పు. మైల చెయ్యి తగిలితే మందు చచ్చిపోతుంది. పొద్దున నూరేటప్పటికే మైల పుట్టుంటుంది. దానికి తెలియదు పాపం."

తిట్టి ఉంటే ఎదురు తిరిగేదేమో. జాలిగా అన్నాడు కాబట్టి ఆ మాట సూటిగా గుండెలోకి దిగింది. తన చేతులతో నూరిన మందు, తన చేతుల మైల, తన మొగుడి ప్రాణం. మూడింటినీ ముడివేసుకుని అంకాలమ్మ బతకడం మొదలుపెట్టింది. ఆ తరవాత వేరు ముట్టలేదు. పాలెంలో కొత్త వల పట్టేటప్పుడు, తెప్పకు పసుపు రాసేటప్పుడు ఎవరూ పొమ్మనక ముందే తానే దూరంగా జరిగేది. చేపలు ఎండబెట్టి విడవలూరు సంతలో అమ్ముకుని కడుపు నింపుకునేది. నాగులమ్మ అప్పుడప్పుడూ కూర తెచ్చి పెట్టేది. "ఎంతకాలం ఏడుస్తావు మే," అనేది. ఈ లోకంలో తనను అసహ్యించుకోనివాళ్ళు ఆ తండ్రీ కూతుళ్ళే అని అంకాలమ్మ చేతులెత్తి మొక్కుకునేది.

అలా మూడేళ్ళు గడిచాయి.

అరవై నాలుగు మాఘమాసంలో పద్మనాభయ్య అనే ఆయన పాలేనికి వచ్చాడు. ఆయనది సంగం ఊళ్ళో వరి పండించే ఇల్లు. రసాయన శాస్త్రం చదువుకుని మద్రాసులో ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. పాము విషానికి చెట్ల మందులు ఎంతవరకు పనిచేస్తాయో తేల్చడం ఆయన పని. ఇదివరకు కూడా రెండు మూడు సార్లు వచ్చి ముత్యాలయ్య దగ్గర వేళ్ళు తీసుకుపోయాడు. అప్పుడు తట్ట మోసిందీ, వేళ్ళు కడిగి ఇచ్చిందీ అంకాలమ్మే. కానీ మాటలన్నీ మగవాళ్ళ మధ్యనే జరిగేవి.

ఈసారి ముత్యాలయ్యకు మోకాళ్ళు పట్టేసి ఇసుకలో నడవలేని స్థితి. "అంకాలమ్మను తీసుకుపోండి సార్. తావులన్నీ దానికి తెలుసు," అని, ఆమెను పక్కకు పిలిచి, "చూపించి రా. తాకబాకు," అన్నాడు.

సరుగుడు తోట అంచున తీగ కనిపించగానే అంకాలమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది.

"అదుగో సార్. మీరే తవ్వుకోండి."

పద్మనాభయ్య గునపంతో తవ్వబోయి వేరును మధ్యకు తెంపేశాడు. "నాకు చేతకాదమ్మా. అప్పట్లో నువ్వే కదా నిండు వేరు తీసేదానివి?"

"నేను ముట్టకూడదు సార్."

"ఎందుకని?"

చెప్పాలా వద్దా అని కాసేపు కొంగు వేలికి చుట్టుకుంది. ఆయన పరాయివాడు, రేపు పోయేవాడు. అందుకే చెప్పగలిగింది. నాగు కరిచింది, తాను నూరింది, మైల తగిలింది, మొగుడు పోయాడు. చెప్పి, చివర ఆ మూడేళ్ళూ ఎవరినీ అడగలేని మాట అడిగింది. "మైల తగిలితే మందు చచ్చిపోతుందా సార్? మీరు చదువుకున్నోళ్ళు. మీకు తెలిసుంటుంది."

పద్మనాభయ్య గునపం కింద పెట్టాడు.

"మా దగ్గర ఈ వేళ్ళు నూరి సారం తీసేది ఒక ఆడమనిషే. నెలలో అన్ని రోజులూ వస్తుంది. ఏ రోజు తీసినా ఫలితం ఒక్కటే వచ్చింది. అది కాదమ్మా నేను అడిగేది. కరిచింది నాగు అంటున్నావు. నాగు కరిస్తే ముత్యాలయ్య వేరు ఎందుకు ఇచ్చాడు?"

"అదేంది సార్, వేరు కాక ఇంకేమిస్తారు?"

"నాగు విషానికి ఈ వేరు పనిచేయదని ఆయనకు చెప్పాను కదా!"

గాలికి సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి. తాను సరిగా వినలేదేమో అనుకుంది అంకాలమ్మ. ఆయన మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. ఈ వేరులోంచి తెల్లటి పలుకుల్లాంటి పదార్థం ఒకటి వేరుచేశారు. రక్తపింజర విషంతో పాటు దాన్ని ఎలుకలకు ఎక్కించి చూస్తే వాపు తగ్గింది, రక్తం కారడం తగ్గింది. పూర్తి మందు కాకపోయినా అందులో గుణం ఉంది. నాగు విషం సంగతి వేరు. అది నరాలను పట్టేసి ఊపిరి ఆపుతుంది. దాని మీద ఈ పదార్థం ఏమీ చేయలేకపోయింది. మందు ఎక్కించిన ఎలుకలూ, ఎక్కించనివీ ఒకే తీరుగా చచ్చిపోయాయి.

"మరి మా మామ మందుకు నాగు కరిచినోళ్ళు ఎంతమంది బతకలా సార్?"

"కరిచిన ప్రతి పామూ విషం దించదమ్మా. దించనప్పుడు నీళ్ళిచ్చినా బతుకుతారు. దించితే మాత్రం నెల్లూరు తీసుకెళ్ళి సూది వేయించాల్సిందే. యాభై తొమ్మిదిలో వచ్చినప్పుడు ఇదంతా ఆయనకు విడమరిచి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు కూడా. మళ్ళీ ఏడాది నేను వస్తే, నా చేతులు పట్టుకుని దండం పెట్టాడు. 'మీ మాట విని నా కూతుర్ని నెల్లూరు తీసుకపోయినా సార్, బతికించుకున్నా' అని."

"ఏ కూతురు సార్?" అంది అంకాలమ్మ, ముత్యాలయ్యకు ఒక్కతే కూతురని తెలిసి కూడా.

పద్మనాభయ్యకు అప్పుడు అర్థమైంది తానేం చెప్పేశాడో. ముఖం పాలిపోయింది.

"మీరు మామకొక్కడికే చెప్పిపోయినారు. అక్కడే వేళ్ళు కడుగుతా కూర్చోనుంటి గదా సార్. ఆ ఒక్క మాట నాతో అనకూడదా?"

"అనాల్సింది," అన్నాడాయన. "ఆయన పెద్దమనిషి, ఆయనే అందరికీ చెప్తాడనుకున్నాను. నేనే పదిమందిని పిలిచి చెబితే ఆయన నొచ్చుకుంటాడని, మళ్ళీ వేళ్ళు ఇవ్వడని కూడా అనుకున్నాను. అనాల్సింది."

ఆ రోజు ఆయన వేళ్ళు లేకుండానే వెళ్ళిపోయాడు.

అంకాలమ్మ తిన్నగా నాగులమ్మ దగ్గరికి పోయింది. ఎండలో ఇసుక మీద తాటాకు చాపలు పరిచి నాగులమ్మ నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది. ఎడమ కాలి మడమ పైన పాత మచ్చ ఒకటి, చర్మం లోపలికి లాగేసినట్టు నల్లగా ఉంది. ఆ మచ్చ అంకాలమ్మకు కొత్త కాదు. నాలుగేళ్ళ కిందట తండ్రీ కూతుళ్ళు సంగంలో చుట్టాల పెళ్ళికని వెళ్ళి, చాలా రోజులకు తిరిగి వచ్చారు. నాగులమ్మ నిలబడలేనంత నీరసంగా వచ్చింది. పెళ్ళిలో జ్వరం తగిలిందన్నారు. కాలికి మొగలి ముల్లు దిగి చీము పట్టిందన్నారు. అంకాలమ్మ రోజూ ఆ పుండు కడిగి, పసుపు అద్ది, కట్టు కట్టింది. మిరియాల చారు కాచి నోట్లో పోసింది.

"వదినా, నీ కాలికి గుచ్చుకునింది ముల్లేనా?"

నాగులమ్మ తలెత్తలేదు. చేతిలో నెత్తళ్ళు చేతిలోనే ఉన్నాయి. "ఎవరు చెప్పినారు?" అంది.

అదే జవాబు.

"పెండ్లి కాడ కరిచింది. నాయన ఒట్టు పెట్టించుకున్నాడు మే. నా బిడ్డల మీద ఒట్టు. వేరిచ్చే వాడే ఆసుపత్రికి పోయినాడంటే మన ఇంటికి మర్యాద ఉండదన్నాడు."

"నా మొగుడి రెప్పలు వాలిపోతా ఉంటే నా పక్కనే ఉంటివి. నీకూ అట్నే వాలినాయా?"

నాగులమ్మ తల ఊపింది. కళ్ళ నీళ్ళు నెత్తళ్ళ మీద పడ్డాయి. "నోటి దాకా వచ్చింది. పోదాం పదండని అందామనే అనుకున్నా. నాయన నావైపు చూసినాడు."

"పెంచలయ్య పడవ ముందరే ఉండె గదా వదినా. ఒక్క మాట. నువ్వు చేయి చూపించినా పోయుంటి."

"తప్పయిపోయింది మే."

"మరి మైల సంగతి? నేను నీకు చెవిలో చెప్పుకున్న మాట పెద్దకర్మ నాడు మామ నోట్లోకి ఎట్టా వచ్చింది?"

నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అంకాలమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఇసుకలో కూరుకుపోతున్నట్టు మాత్రం అనిపించింది. నిన్నటి దాకా ఈమె పెట్టిన కూర తింది. ఈమె ఓదార్పుకు మొక్కింది.

ముత్యాలయ్య ఇంటి ముందు నులకమంచం మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. అంకాలమ్మ గుంజకు ఆనుకుని నిలబడింది.

"మామా, నాగుకు వేరు పనిచేయదని నీకు తెలుసునంట గదా."

ఆయన చేయి ఆగింది. మళ్ళీ కదిలింది. "ఆ మద్రాసాయన ఎలకలకు చూసి చెప్పినాడు. మడిసికీ ఎలక్కీ ఒకటేనా?"

"వదినకు మాత్రం వేరు పెట్టకుండా నెల్లూరు తీసకపోయినావే?"

ఈసారి ఆయన నూనె గిన్నె పక్కన పెట్టాడు. ముఖంలో కోపం రాలేదు. అలసట వచ్చింది.

"కూతురు మే. చేయి ఆడలా."

"నేను?"

ఆ ప్రశ్న ఎక్కడ తగిలిందో, ముసలాయన కళ్ళు దించుకున్నాడు. "ఆ పొద్దు పాలెమంతా చూస్తా ఉండె. మా తాత కాడినుంచి వస్తా ఉండే మందు. నా చేత్తో నేనే పడవెక్కిస్తే రేపు పింజరి కరిచినోడు కూడా నా గడప తొక్కడు. పింజరికి పనిచేస్తుందని ఆ సారే అన్నాడు గదా. అదీ పోతుంది. ఏమో, ఈ పాము ఇసం దించలేదేమోలే, బతుకుతాడేమోలే అనుకున్నా. నెల్లూరు పోయినా దారిలోనే పోయుండేవాడేమో. నీకు మాత్రం తెలుసునా?"

"తెలియదు మామా. దారిలోనే పోయుండేవాడేమో. ఆసుపత్రికి తీసకపోతా ఉంటే పోయినాడని ఏడ్చుకునేదాన్ని. నా చేత్తో నేనే చంపుకున్నానని ఏడ్వను గదా? మందు పనిచేయదని తెలిసీ నా ఒంటి మీద నెడితివే. ఎట్టా నోరొచ్చింది?"

ముత్యాలయ్య మోకాళ్ళ మీద పంచె కప్పుకున్నాడు.

"నేను నిన్నేమీ అడగను. రేపు పదిమందిలో ఒక్క మాట చెప్పు. నాగు కరిస్తే నెల్లూరు తీసకపోండి, అంకాలమ్మ చేయి తప్పు కాదు అని. అంతే చెప్పు. మళ్ళీ నీ కాళ్ళకు నూనె నేనే రాస్తా."

"అది నా వల్ల కాదు మే," అన్నాడు ముత్యాలయ్య.

మరునాడు పొద్దున తెప్పలు వేట నుంచి ఒడ్డుకు చేరాయి. చేపలు పంచుకోవడానికి ఆడా మగా అంతా గుమిగూడారు. అంకాలమ్మ వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడింది. మూడేళ్ళుగా అంచున ఉండే మనిషి మధ్యకు రావడమే వింత అయింది. ఆమె కేకలు వేయలేదు, శాపాలు పెట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, "ఇంకో ఆడది నాలాగా మొగుణ్ణి పోగొట్టుకోబాకండి. నాగు కరిస్తే పడవెక్కించండి," అంది.

జనం గుసగుసలాడారు. పాలెం పెద్ద ఒకాయన నాగులమ్మను ముందుకు పిలిచాడు. "ఏమ్మే, నిన్ను పాము కరిచిందా? నెల్లూరు పోయినారా?"

ముత్యాలయ్య కర్ర మీద ఆనుకుని వెనకాల నిలబడి ఉన్నాడు. నాగులమ్మ తండ్రిని చూసింది. తరవాత అంకాలమ్మను చూసింది. ఆ చూపు చూసి అంకాలమ్మకు ఇంకా కొంచెం ఆశ మిగిలింది.

"సంగంలో పెండ్లికి పోయినాము," అంది నాగులమ్మ. "కాలికి మొగలి ముల్లు గుచ్చుకునింది. అంకాలమ్మే గదా కట్టు కట్టింది. ముల్లో కాదో ఆమెనే అడగండి."

నిన్న నెత్తళ్ళ మీద కన్నీళ్ళు కార్చిన మనిషేనా ఈమె! తాను చేసిన సేవనే తెచ్చి తనకు ఎదురు సాక్ష్యంగా నిలబెట్టింది. మద్రాసు సారును అడగండి అందామంటే ఆయన మద్రాసులో ఉన్నాడు. "మొగుణ్ణి తిని, ఇప్పుడు పెంచినోడి మీద పడింది," అని ఒకామె అంది. "పాలు పోసి పెంచిన పాము," అని ఇంకెవరో అన్నారు. ముత్యాలయ్య మాత్రం, "పోనీయండి, మతి చెడుండాది," అన్నాడు. మళ్ళీ అదే జాలి గొంతు.

ఆ తరవాత పాలెం ఆమెతో మాట్లాడటం మానేసింది. చేపలు అమ్మేవాళ్ళు ఆమెకు అమ్మలేదు. ఆమె ఇసుక దారిన నడిచి పక్క పాలెం నుంచి చేపలు తెచ్చుకుని ఎండబెట్టుకునేది. ఎక్కడికైనా పోదామా అనిపించేది. పోతే మతి చెడిందన్న మాట నిజమవుతుందని ఆగిపోయేది.

ఎండాకాలం నడిమధ్యలో పెంచలయ్య పెండ్లాం పోలేరమ్మను నాగు కరిచింది. పొయ్యిలోకి తాటిమట్టలు తీస్తుంటే చీలమండ దగ్గర కాటేసింది. ముత్యాలయ్య వచ్చి వేరు తాగించి, పట్టు వేసి, "ఏం కాదు, పండుకోబెట్టండి," అన్నాడు. పెంచలయ్య పెండ్లాం పక్కన కాసేపు కూర్చున్నాడు. తరవాత ఏదో పని ఉన్నట్టు లేచి, పెరటి దారిన అంకాలమ్మ ఇంటికి వచ్చాడు.

"అక్కా, దాని రెప్పలు బరువుగా ఉండాయంటా ఉంది."

అంకాలమ్మ చేతిలో పని వదిలేసి లేచింది. "పడవ యాడుంది?"

"రేవులోనే."

"నడిపించబాక. ఎత్తుకురా."

ముత్యాలయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడలేదు. చూస్తూ ఊరుకున్నాడు. కాలువ దాటి, దొరికిన ఎడ్లబండి మీద విడవలూరు చేరి, బస్సెక్కారు. పోలేరమ్మ తల అంకాలమ్మ ఒళ్ళో ఉంది. కోవూరు దాటేసరికి చొంగ కారడం మొదలైంది. పెన్న వంతెన మీద, "అక్కా," అనబోయి అనలేకపోయింది. ఆ ముఖం చూడటానికి అంకాలమ్మకు ధైర్యం చాలలేదు. అయినా చూస్తూనే ఉంది. గంగులయ్య ముఖం కూడా ఇలాగే ఉండింది.

ఆసుపత్రిలో డాక్టరు రెప్పలు ఎత్తి చూసి, నరంలోకి సూది మందు ఎక్కించాడు. మళ్ళీ ఎక్కించాడు. సాయంత్రమయ్యేసరికి పోలేరమ్మ రొమ్ము కుదురుగా ఎగరసాగింది. చాలాసేపటికి ఆమె కనురెప్పలు కొద్దిగా కదిలి, మెల్లమెల్లగా పైకి లేచాయి. పెంచలయ్య మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అంకాలమ్మ వరండాలోకి వచ్చి గోడకు చేరగిలబడింది. వాలిన రెప్పలు మళ్ళీ లేస్తాయని ఆమె అంతవరకు కళ్ళతో చూడలేదు. పద్మనాభయ్య చెప్పినప్పుడు నమ్మింది, నాగులమ్మ ఒప్పుకున్నప్పుడు నమ్మింది. కానీ లోపల ఎక్కడో, ఏమో, గంగులయ్య ఎలాగైనా పోయేవాడేమో అన్న చిన్న సందు మిగిలి ఉండింది. ఇప్పుడది కూడా మూసుకుపోయింది. మొగుడు పోయిన నాటి కన్నా గట్టిగా ఏడ్చింది. దారిన పోయే నర్సు ఒకామె ఆగి, "ఎవరమ్మా పోయారు?" అని అడిగింది.

కోలుకున్న పోలేరమ్మతో పడవ పాలెం రేవుకు చేరినప్పుడు జనం ఎదురొచ్చారు. ముత్యాలయ్య కూడా వచ్చాడు. పెంచలయ్య పెండ్లాన్ని దించి, అందరి ముందూ ముసలాయన కాళ్ళకు దండం పెట్టాడు. "నీ వేరే మామా, దారి పొడుగునా ఊపిరి నిలబెట్టింది," అన్నాడు. అని అంకాలమ్మ వైపు చూడకుండా మోకు గుంజకు కట్టసాగాడు. అతనూ ఇదే పాలెంలో బతకాలి. అంకాలమ్మకు అది తెలుసు. అయినా పడవలోంచి దిగేటప్పుడు ఎవరూ చేయి అందించకపోతే, మోకాలి లోతు నీళ్ళలోకి తానే దిగి ఒడ్డుకు నడిచింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ చూసుకుని ముత్యాలయ్య ఆమె పందిరి దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ నొప్పితో ఆ కాస్త దూరానికే ఆయాసపడుతున్నాడు. ఆమె కూర్చోమనలేదు.

"పోలేరమ్మను తీసకపోయి మంచి పని చేసినావు మే," అన్నాడు.

"ఈ మాట రేపు చేపలు పంచేకాడ చెప్తావా మామా?"

ముసలాయన కర్ర కొసతో ఇసుకలో ఏదో గీశాడు. ఆమె ఇంకా పెద్ద మాట ఏదో అంటుందని ఎదురుచూసినట్టున్నాడు. అంకాలమ్మ ఎండుచేపలు తిరగేసుకోసాగింది. చివరకు ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది నుంచి పాలెంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. నాగు కరిచినవాణ్ణి ముత్యాలయ్య గుమ్మానికి తెచ్చేవాళ్ళు. ఆయన వేరు నాలిక మీద రాసి, "ఇంక పడవెక్కించండి," అని గొంతు తగ్గించి అనేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. బతికి వచ్చినవాళ్ళు ఆయనకే మొక్కేవాళ్ళు. గంగులయ్యను కూడా అలా ఎక్కించి ఉండాల్సిందన్న మాట మాత్రం ఆ పాలెంలో ఏ నోటా రాలేదు.

నాగులమ్మ ఒకటి రెండు సార్లు గిన్నెలో కూర పట్టుకుని వచ్చి గడప బయట నిలబడి, "మే, అంకాలమ్మా," అని పిలిచింది. లోపల అంకాలమ్మ ఉంది. ఆ పిలుపు ఆమెకు వినిపించింది. పలకలేదు.